ఇరుగుపొరుగు వారందరికీ

సభలో ఆఖరున మాట్లాడేవాడి మాట ఎవరూ వినరు. అప్పటికే సగం మంది చెప్పులు వెతుక్కుంటుంటారు, మిగిలిన సగం వంటల వైపు చూస్తుంటారు. కానీ ఆ మాటల్లో ఒక్క పేరు పోయిందా, ఆ పేరుగల మనిషి చెవులు మాత్రం బాగా పనిచేస్తాయి. వందన సమర్పణ అనే ఆ పనిని నేను పాతికేళ్ళుగా చేస్తున్నాను. సంఘంలో పెండ్లి అయినా, బడిలో పంద్రాగస్టు అయినా, చివర్న మైకు నా చేతికే వస్తుంది. "సుందర్ రావు సారు ఉన్నడు గదా, ఇంకేం ఫికర్" అంటారు.

నేను ఖిలా వరంగల్‌లో బడిపంతులుని. వందనాలకు నాదొక పద్ధతి ఉంది. ముందు ప్రభువు. తర్వాత పాదిరిగారు. ఆ తర్వాత దూరం నుంచి వచ్చిన పెద్దలు, డాక్టర్లు, ఆఫీసర్లు. ఆఖరున వంటవాళ్ళు, షామియానా వాళ్ళు, మైకు సెట్టు యాకయ్య. అందరి పేర్లూ చీటీ మీద రాసుకుని, ఎవరి పక్కన ఎవరు రావాలో రెండు మూడు సార్లు మార్చుకుంటాను. ఒకసారి ఒక పెండ్లిలో పెండ్లికూతురి మేనమామ పేరు మరిచిపోతే ఆయన విస్తట్లో అన్నం విస్తట్లోనే వదిలి లేచిపోయాడు. రెండేళ్ళు నాతో మాట్లాడలేదు. అప్పటినుంచి ఇంకా జాగ్రత్తపడ్డాను. కాబట్టి భద్రమ్మ పేరు నేను మరిచిపోయానని ఎవరైనా చెప్తే నమ్మకండి. మరిచిపోలేదు. చీటీ మీద రాసుకున్నాను కూడా.

ఈ సంగతి చెప్తుంటే నాకు ఏడుపు రావాలి. రావడం లేదు. పన్ను పీకేముందు సూది వేస్తే దవడ ఉండీ లేనట్టు ఉంటుంది చూడండి, అట్లా ఉంటుంది. కోపం మాత్రం వస్తుంది, అది కూడా ఎక్కువసేపు నిలవదు.

డెబ్బై నాలుగు జనవరిలో మా ఎస్తేరు పుట్టింది. పుట్టిన మూడో రోజు నుంచే నా భార్య సువార్తమ్మకు బాలింత జ్వరం. పిల్లను నాకిచ్చి ఆమెను దవాఖానలోనే ఉంచుకున్నారు. ఇంట్లో ఆడదిక్కు లేదు. నేను బడికి సెలవు పెట్టి, డబ్బా పాలు కలిపి సీసాతో పట్టేవాణ్ణి. తాగినంతా కక్కేది. సీసా మార్చాను, డబ్బా మార్చాను, ఆవుపాలు నీళ్ళు కలిపి పట్టాను. మూడు వారాలు తిరిగేసరికి పిల్ల పుట్టినప్పటికంటే తేలికైంది. డాక్టరు పొట్ట నొక్కి చూసి, తల్లిపాలు దొరికితే చూడమన్నాడు. తల్లిపాలు దుకాణంలో దొరుకుతాయా అని ఆయన మీద కోపమొచ్చింది. పిల్లను ఎత్తుకుని ఇంటికొచ్చాను.

మా గోడ అవతలి ఇల్లు మొగిలయ్యది. కోట లోపల ఉన్న చారెడు చెలకలో ఏదో వేసుకునేవాడు, మిగతా రోజులు కైకిలి కూలికి పోయేవాడు. వాళ్ళకు మాకు రాకపోకలు పెద్దగా లేవు. ఎదురుపడితే "బాగున్నరా సారూ" అంటే "బాగున్నం" అనడం వరకే. అతని భార్య భద్రమ్మకు తొలిచూలు కొడుకు పుట్టి, పంతొమ్మిదో నాడు పోయాడు. పిల్లవాడు పోయినా పాలు పోవు. పాలు ఎండిపోవడానికి ఆమె అత్త సమ్మమ్మ రోజూ మల్లెపూలు తెచ్చి కోడలి రొమ్ములకు కట్టేది. ఇవన్నీ నాకు తర్వాత తెలిసినవి.

ఒకరోజు పొద్దున ఎస్తేరు ఏడ్చి ఏడ్చి గొంతు పోయి, ఊరికే నోరు తెరుస్తూ ఉంది. భద్రమ్మ మా గుమ్మంలోకి వచ్చి నిలబడింది. తల మీద కొంగు లాక్కుని, నా ముఖం చూడకుండా అన్నది.

"సారూ, పిల్ల అట్ల ఏడుస్తాంటే నా రైకంత తడుస్తాంది. జర ఇటియ్యున్రి."

నేను పిల్లను ఇచ్చి బయటికి వచ్చాను. ఆమె ఆ వాడిపోయిన మల్లెపూలు తీసి మా గూట్లో పెట్టి, తలుపు దగ్గరగా వేసుకుంది. కొంచెంసేపటికి ఏడుపు ఆగింది. మూడు వారాల్లో మా ఇంట్లో ఏడుపు ఆగడం అదే మొదలు. నేను గోడకు తల ఆనించి గట్టిగా ఏడ్చాను. ఇంతకాలానికి నాకు గుర్తున్న చివరి ఏడుపు అదే.

అప్పటినుంచి రోజుకు నాలుగైదు సార్లు వచ్చేది. నీళ్ళకని, గడ్డికని అత్తకు ఏదో చెప్పి వచ్చేది. "మా అత్తకు ఎరుకైతే సంపుతది, ఎవలతోని అనకున్రి" అన్నది. వారం రోజులకు ఎస్తేరు బుగ్గలు తేరాయి. నేను బజారుకు పోయి ఒక చీర తెచ్చి ఇవ్వబోతే భద్రమ్మ వెనక్కి జరిగింది.

"పాలకు చీరె పెడ్తరా సారూ? ఒద్దు. నా కొడుకు తాగేటియి గియ్యి తాగుతాంది. అంతే."

ఆ చీర సువార్తమ్మకే పనికొచ్చింది.

సువార్తమ్మ నలభై రోజులకు ఇంటికి చేరింది. మనిషి సగమైంది. పాలు లేవు. రొమ్ముకు పిల్లను పెట్టుకుంటే పిల్ల మొహం తిప్పి భద్రమ్మ గాజుల చప్పుడు కోసం చూసేది. భద్రమ్మ పాలిస్తున్నంతసేపూ సువార్తమ్మ మంచం మీద గోడవైపు తిరిగి పడుకునేది. లేచాక మాత్రం భద్రమ్మకు చాయ్ కలిపి ఇచ్చేది, తల దువ్వి జడ వేసేది. ఇద్దరూ మాట్లాడుకునేవాళ్ళు, నవ్వుకునేవాళ్ళు. కానీ పాల మాట ఇద్దరిలో ఎవరూ ఎత్తేవాళ్ళు కాదు.

అట్లా ఎనిమిది నెలలు గడిచాయి. గోడకు చెవులుంటాయంటారు, మా గోడకు సమ్మమ్మే ఉంది. ఎన్ని పూలు కట్టినా కోడలి పాలు ఎందుకు ఎండవో ఆమెకు ఒకరోజు అర్థమైంది. అర్థమైనాక ఊరుకుంటే బాగుండేది. బావికాడ, చెలకలో, కైకిలిలో ఒకటే మాట మొదలైంది. భద్రమ్మ చచ్చిపోయిన కొడుకు పాలను కిరస్తానం సారుకు అమ్ముకున్నదట. పాలమ్ముకునే యావలోనే కొడుకును సరిగా చూసుకోలేదట. కొడుకు పోయింది ఎస్తేరు పుట్టకముందేనని ఎవరికి కావాలి? మొగిలయ్య ఆమె చేతి అన్నం తినడం మానేశాడు. ఇంట్లో ఉన్నాడన్న మాటే గానీ ఆమెతో పలుకు లేదు. కులపెద్దలు కూర్చుని ఆమెను తల్లిగారింటికి తోలుదామా అని మాట్లాడుకుంటున్నారని తెలిసింది.

నేను మొగిలయ్య దగ్గరికి పోయాను. అది చేసినట్టు ఒప్పుకోవాలి, పోయాను. అతను పశువు మూతికి కట్టే చిక్కం అల్లుకుంటున్నాడు. తలెత్తలేదు.

"మొగిలయ్యా, నీ భార్య మా దగ్గర ఏమీ పుచ్చుకోలేదు. చీర ఇయ్యబోతే కూడా తీసుకోలేదు. ఆమె లేకపోతే నా పిల్ల లేదు" అన్నాను.

"గిది నా ఇంట్ల నాకు చెప్తే ఏం ఫాయిదా సారూ. నాకు ఎరుక లేదా అది ఎసుంటిదో. వాడంత అంటాంది. నేను బజార్ల పోతాంటె పాలమ్ముకున్నోడు పోతాండని నవ్వుతాన్రు. వాడంత ఇనేటట్టు చెప్పున్రి. మీకు మైకు ఉండనే ఉండె."

జనవరి చివర్లో ఎస్తేరు మొదటి పుట్టినరోజుకు మా ఇంట్లో కృతజ్ఞత కూడిక పెట్టుకున్నాం. మాలో ఎవరైనా జబ్బునుంచి లేచినా, బిడ్డ బతికి బట్టకట్టినా అందరినీ పిలిచి, ప్రార్థన చేసి, జరిగిన మేలును సాక్ష్యంగా చెప్పి, అన్నం పెట్టడం ఆచారం. ఆ సాక్ష్యమూ, ఆ వందన సమర్పణా ఈసారి నా ఇంటివే. భద్రమ్మకు నేనే చెప్పాను.

"ఆరోజు నీ పేరు చెప్తా భద్రమ్మా. నువ్వేం చేసినవో, ఏమీ ఆశించకుండ చేసినవని చెప్తా. మొగిలయ్యను తీసుకొని రా."

"నిజంగనా సారూ? మైకులనా?"

"మైకులనే."

ఆమె నవ్విన నవ్వు నాకిప్పటికీ కనిపిస్తుంది. పెద్దలు ఆ కూడిక అయ్యేదాకా ఆగుతామన్నారని కూడా చెప్పింది. మైకులో నా మాట విని ఏ సంగతో తేలుస్తారట.

చీటీ రాయడానికి కూర్చున్నాను. భద్రమ్మ పేరు మొదట ప్రభువు తర్వాత రెండో వరసలో రాశాను. పాదిరిగారి కంటే ముందు కైకిలి మనిషి పేరు ఎట్లా చదువుతావని నాకే అనిపించింది. కొట్టేసి డాక్టరు తర్వాత రాశాను. ఆయన వస్తానన్నాడు, బాగుండదేమోనని ఆరో వరసకు దింపాను. అక్కడ మా పెద్ద బావమరిది ఉన్నాడు, ఆయన కోపం గురించి చెప్పాలంటే ఇంకో కథ అవుతుంది. చివరికి షామియానా వాళ్ళకు పైన, ఎనిమిదో పేరుగా పెట్టాను. అప్పటికి అదే న్యాయమనుకున్నాను.

కూడిక రోజు పొద్దున సువార్తమ్మ ఎస్తేరుకు కొత్త గౌను తొడుగుతూ ఆ చీటీ చూసింది.

"పాలని చదువుతవా మైకుల?"

"చదవాలె గదా. మాటిచ్చిన."

"నా బిడ్డకు నేను పాలియ్యలేదని వాడంత వినాలె. మా వదినెలు వినాలె. రేపటిసంది నన్ను చూసినోళ్ళ కండ్లు యాడికి పోతయో ఎరుకేనా నీకు? మొగోనివి, నీకేం తెలుస్తది."

"మరి భద్రమ్మ సంసారం ఏమైతది?"

"సాయం చేసిందని చెప్పు. పాలు అనకు."

"పాలు అనకపోతే దేనికి సాయమంటరే?"

గౌను గుండీలు పెడుతూ ఏడ్చింది. ఆ ఏడుపు దొంగ ఏడుపు కాదు. నెలల తరబడి గోడవైపు తిరిగి పడుకున్న మనిషి ఏడుపది. నాకు ఆమె మీద జాలీ కలిగింది, కోపమూ వచ్చింది. చీటీ మడిచి జేబులో పెట్టుకున్నాను.

యాకయ్య మైకు హారన్‌ను మా పెరట్లో వేపచెట్టు కొమ్మకు కట్టాడు. కోట లోపల వాడలన్నిటికీ వినిపించేటట్టు కట్టమని నేనే చెప్పాను. పాదిరిగారు వచ్చారు, డాక్టరు వచ్చాడు, సువార్తమ్మ తరఫు వాళ్ళంతా వచ్చారు. భద్రమ్మ ఉతికిన చీర కట్టుకుని, తలకు నూనె పెట్టుకుని వచ్చి, చెప్పులు విడిచిన చోట కూర్చుంది. ముందుకు రమ్మంటే రాలేదు. మొగిలయ్య లోపలికి రాలేదు. భుజాన తువ్వాలతో గేటు బయట నిలబడ్డాడు, పక్కన కులపెద్ద ఒకాయన.

ప్రార్థనలయ్యాయి, పాట అయ్యింది, వాక్యం అయ్యింది. మైకు నా చేతికి వచ్చింది. ప్రభువుకు వందనాలు చెప్పాను. పాదిరిగారికి చెప్పాను. డాక్టరు హస్తవాసిని పొగిడాను. పెద్ద బావమరిది పేరు గౌరవంగా చదివాను. ఎనిమిదో పేరు దగ్గరికి వచ్చాను. భద్రమ్మ మెడ నిక్కించి హారన్ వైపు చూస్తున్నది. సువార్తమ్మ ఎస్తేరును ఒళ్ళో పెట్టుకుని తల వంచుకుని ఉన్నది. గేటు బయట మొగిలయ్య చేతులు కట్టుకున్నాడు.

"మా కష్టకాలంలో మా ఇంటికి ఆదరువుగా నిలిచిన ఇరుగుపొరుగు వారందరికీ మా హృదయపూర్వకమైన వందనాలు" అన్నాను. ఆ వెంటనే షామియానా వేసినవాళ్ళ పేర్లు చదివాను. వంట చేసినవాళ్ళ పేర్లు చదివాను. "మనందరికీ చక్కగా వినబడేలా మైకు అమర్చిన యాకయ్యగారికి" అని కూడా అన్నాను.

సిగ్గు విడిచి చెప్తున్నాను, ఆ మాట నోట్లోంచి వచ్చినప్పుడు బాగా తప్పించుకున్నాననే అనిపించింది. సువార్తమ్మ నొచ్చుకోదు. భద్రమ్మకు చెప్పలేదని ఎవరూ అనలేరు, ఆమె మాకు ఇరుగూ పొరుగూ రెండూ కదా. అప్పటిదాకా నేర్చిన పనివాడితనమంతా ఆ ఒక్క మాటలో పెట్టాను.

ఆమేన్ అన్నాక గేటు వైపు చూశాను. అక్కడ ఎవరూ లేరు.

భోజనాల దగ్గర భద్రమ్మ నా దగ్గరికి వచ్చింది.

"సారూ, నా పేరు చెప్పిన్రా? పోరగాండ్లు లొల్లి చేస్తాన్రు, నాకు సరిగ ఇనరాలే."

అప్పటికైనా మైకు అక్కడే ఉంది. యాకయ్య వైర్లు ఇంకా చుట్టలేదు. రెండు అడుగులు వేస్తే చేతికి అందుతుంది.

"చెప్పిన భద్రమ్మా. ఇరుగుపొరుగు అన్న గదా, ఇరుగుపొరుగంటే ముందు నువ్వే గదా" అన్నాను.

ఆమె నన్ను కొంచెంసేపు చూసింది. "అవునా" అన్నది. తర్వాత "మంచిది సారూ" అన్నది. అలిగి పోలేదు. పంక్తిలో కూర్చుని పెట్టినంతా తిన్నది, తన విస్తరి తనే ఎత్తుకుని పోయి పారేసింది. ఎస్తేరు చేతులు చాపితే ఎత్తుకోలేదు. తల నిమిరి వెళ్ళిపోయింది.

నాలుగో రోజు పంచాయితీ జరిగింది. నన్ను పిలవలేదు. పిలవకుండానే పోవచ్చు. ఆ పూట నేను పాదిరిగారి చిన్న కొడుకు పెండ్లికి వందన సమర్పణ చీటీ రాసుకుంటున్నాను. అంత పెద్ద సారే మైకులో ఆమె పేరెత్తలేదంటే లోపల ఏదో బేరం ఉన్నట్టే కదా అన్నారట పెద్దలు. వాళ్ళ లెక్క వాళ్ళకు సరిగానే ఉంది. పాలకుర్తి దగ్గర పల్లెలో ఉన్న తల్లిగారింటికి భద్రమ్మను తోలేశారు. బట్టల మూట నెత్తిన పెట్టుకుని మా గేటు ముందునుంచే పోయింది. మొగిలయ్య బస్సుదాకా కూడా పోలేదు. సమ్మమ్మ గోడ మీదుగా మా ఇంటివైపు చూసి గట్టిగా అన్నది.

"ఏరు దాటెదాక ఓడ మల్లయ్య, దాటినంక బోడ మల్లయ్య."

కోడలిని తోలేసింది ఆమే, కోడలి తరఫున నన్ను తిట్టిందీ ఆమే. తిట్టింది మాత్రం నిజం. నేను లోపలికి వచ్చి చీటీ ముందేసుకున్నాను. ఎనిమిదో పేరు దగ్గర ఎవరుండాలో తేలక చాలాసేపు కూర్చున్నాను.

ఆ తర్వాత నా పని ఆగలేదు. పెండ్లిళ్ళు, ప్రతిష్ఠలు, పంద్రాగస్టులు. అందరికీ వందనాలు చెప్పాను. గొంతు వణికేది కాదు, మాట తడబడేది కాదు. జనం ఎప్పటిలాగే మెచ్చుకున్నారు. పాలకుర్తి ఎంత దూరమని? పొద్దున బస్సెక్కితే మధ్యాహ్నానికి తిరిగి రావచ్చు. పోదామనుకున్నాను, ఎండాకాలం పోనీ అనుకున్నాను, పరీక్షలు పోనీ అనుకున్నాను. పోలేదు. మొగిలయ్య మళ్ళీ పెండ్లి చేసుకున్నాడు. ఎదురుపడితే "బాగున్నరా సారూ" అంటూనే ఉన్నాడు.

ఎస్తేరు మూడో తరగతిలో ఉండగా ఒకరోజు సువార్తమ్మ చిక్కుడుకాయలు గిల్లుతూ ఉన్నట్టుండి అన్నది.

"ఆ పొద్దు నేనేదో ఏడ్చిన. నువ్వు ఇనకుండ చెప్పేదుండె."

"చెప్తే నువ్వు ఊకుందువా?"

"నాలుగు దినాలు మాట్లాడకపోదును. అంతే గదా."

నాలుగు రోజుల మౌనానికి భయపడి ఒక సంసారం కూల్చానన్నమాట. తిలాపాపం తలా పిడికెడని పెద్దలన్నారు గానీ, మైకు నా ఒక్కడి చేతిలోనే ఉంది. చిక్కుడుకాయలు ఇద్దరం కలిసి గిల్లాం.

మొన్న ఎనభై ఆరు ఏప్రిల్లో కేసముద్రంలో సువార్తమ్మ చిన్నన్న ఇంటికి పోవలసి వచ్చింది. బడికి సెలవులిచ్చారు కదా అని ఎస్తేరును వెంట తీసుకుపోయాను. పన్నెండేళ్ళ పిల్ల, నా భుజం దాకా వచ్చింది. తిరిగొచ్చేటప్పుడు స్టేషన్‌కు దగ్గరి దారి అని మార్కెట్ యార్డులోంచి నడిచాం. పల్లికాయ రాసులు పోసి ఉన్నాయి. ఆడవాళ్ళు వరసగా కూర్చుని చాటలతో చెరుగుతున్నారు. వాళ్ళలో ఒకామె చాట ఆపి నావైపే చూస్తున్నది.

జుట్టు సగం నెరిసింది. ముఖం మీద దుమ్ము. ముప్పై మూడు, ముప్పై నాలుగేళ్ళకు మించి ఉండవు, యాభై దాటినట్టుంది.

"సుందర్ రావు సారేనా?" అన్నది.

భద్రమ్మ గొంతు మారలేదు.

"నేనే భద్రమ్మా."

ఆమె లేచి చేతులు కొంగుకు తుడుచుకుంది. ఎస్తేరును చూసింది. చాలాసేపు చూసింది. ముందుకు వచ్చి బుగ్గలు, గడ్డం, చెవులు తడిమింది. ఎస్తేరు నావైపు చూసి ఇబ్బందిగా నవ్వింది.

"పొడుగైంది" అన్నది భద్రమ్మ. "సదువుకుంటాందా?"

"ఏడుకు వచ్చింది."

పదకొండేళ్ళుగా నేను మనసులో దిద్దుకున్న మాటలున్నాయి. పొద్దున క్షవరం చేసుకుంటూ, బడికి నడుస్తూ దిద్దుకున్న మాటలు. "భద్రమ్మా, ఆరోజు నేను..." అన్నాను.

"సారూ." ఆమె గొంతు తగ్గించింది. "గిప్పుడు అనకున్రి. మా ఆయన వస్తాండు. నాకు మారుమనువు చేసిన్రు. గా ముచ్చట ఆయనకు ఎరుక లేదు. ఇక్కడ ఎవలకు ఎరుక లేదు. బతుకు మంచిగనే ఉన్నది."

వచ్చినాయన పేరు రాయమల్లు. యార్డులో హమాలీ. బస్తాలు మోసి మోసి మెడ వెనక కాయ కాసి ఉంది. నన్ను చూసి చేతులు జోడించాడు. భద్రమ్మ చెప్పింది.

"మేం ఖిల్లల ఉన్నప్పుడు ఇంటి పక్క సారు. ఇరుగుపొరుగోళ్ళం."

ఆమె ఎత్తిపొడిచిందో లేదో నాకు తెలియదు. ముఖంలో అయితే ఏమీ కనబడలేదు. రాయమల్లు "చాయ్ తాగి పోరి సారూ" అన్నాడు. బండి టైమైందన్నాను. అతను బస్తాల దగ్గరికి పోయాడు. భద్రమ్మ రెండు దోసిళ్ళ పల్లికాయ తీసి ఎస్తేరు పావడ ఒళ్ళో పోసింది. పోస్తూ నా వైపు తిరిగి మెల్లగా అడిగింది.

"పొల్లకు ఎరుకేనా?"

"లేదు" అన్నాను.

"అట్లనా" అన్నది. మళ్ళీ కూర్చుని చాట చేతిలోకి తీసుకుంది.

మేం స్టేషన్‌కు వచ్చాం. బండి ఎక్కాం. కిటికీ పక్కన చోటు దొరికింది. ఆమె అనవద్దన్నది, నేను అనలేదు, ఈసారి నోరు మూసుకోవడమే ఆమెకు చేసిన మేలు అని నాకు నేను చెప్పుకుంటూ కూర్చున్నాను. అందులో కొంత నిజం కూడా ఉంది. ఎస్తేరు పల్లికాయ ఒలుచుకుని తింటున్నది. ఇంటికన్నె స్టేషన్ దాటాక అడిగింది.

"డాడీ, ఆమె ఎవరు? నా ముఖం ఎందుకట్ల తడిమింది?"

చెప్పాను. చీటీ లేకుండా, వరస లేకుండా చెప్పాను. నువ్వు పుట్టినప్పుడు మమ్మీకి జబ్బు చేసింది, పాలు లేవు, నువ్వు చావబోయినవు, ఆమె కొడుకు చచ్చిపోయిన దుఃఖంలో ఉండి కూడా నీకు ఎనిమిది నెలలు తన పాలిచ్చింది, దానికి ఆమెను నానా మాటలన్నారు, నేను అందరి ముందర ఒక్క మాట చెప్తే ఆమె సంసారం నిలబడేది, చెప్తానని చెప్పలేదు. ఎదురు సీటులో కూర్చున్న ముసలాయన కూడా వింటున్నాడు. విననీ అనుకున్నాను.

ఎస్తేరు తినడం ఆపింది. నోట్లో ఉన్నది నమిలి మింగింది. నెక్కొండలో బండి ఆగింది, జనం దిగారు, ఎక్కారు, మళ్ళీ కదిలింది. అప్పుడు అన్నది.

"ఇదంత అక్కడ ఎందుకు చెప్పలేదు డాడీ? నేను ఆమె ముందలనే నిలబడి ఉన్న గదా."

"ఆమెనే వద్దన్నదమ్మా. వాళ్ళాయనకు తెలియదట."

"ఆయనకు చెప్పొద్దన్నది." పిల్ల నా ముఖంలోకి చూసింది. "నాకు చెప్పొద్దని కూడ అన్నదా?"

పాతికేళ్ళుగా మైకు ముందు ఒక్కసారి కూడా మాట వెతుక్కోనివాణ్ణి. ఆ పిల్ల అడిగినదానికి జవాబు చిన్నదే.

"అనలేదు" అన్నాను.

ఎస్తేరు వరంగల్ దాకా కిటికీలోంచి బయటికే చూసింది. స్టేషన్‌లో దిగాక రద్దీలో చెయ్యి పట్టుకోబోతే చెయ్యి వెనక్కి తీసుకుంది. నేరుగా టికెట్ కిటికీ దగ్గరికి పోయి, మడమలెత్తి నిలబడి, కేసముద్రం పోయే బండి మళ్ళీ ఎప్పుడుందని అడిగింది.